ఇరవై ఒకటో వరసలో పడిన ఆట

ఉదయం తొమ్మిదింటికి డెల్ఫినా మూడోసారి కూడి చూసింది. మూడోసారీ అదే లెక్క వచ్చింది. పెన్సిలు బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాసేపు గోడకేసి చూస్తూ కూర్చుంది.

కుబావోలో చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉంది బాస్కెట్‌బాల్ లీగ్ వాళ్ళ అంకెల గది. రెండు రోజుల నించి వాన. కిటికీ మీది రేకు మోగిపోతోంది. ఆ సాయంత్రం నాలుగింటికి కొలీజియం అనే పెద్ద ఆటశాలలో ఆఖరి ఆటకి ముందు ఆ ఏటి మేటి ఆటగాడి బహుమతి ఇస్తారు. విలేకరులకి పంచడానికి ఆ బహుమతి చరిత్ర ఒక కాగితం రాసిపెట్టమని ఆమెకి చెప్పారు. పదేళ్ళ చరిత్ర. దాదాపు రాసేసింది కూడా.

మొదటి మూడేళ్ళూ విలేకరులే ఓట్లు వేసి ఎన్నుకునేవారు. మూడో ఏడు, ఒక జట్టుని నడిపే కంపెనీ యజమాని వాళ్ళందరినీ ఇంటికి పిలిచాడు. నిప్పుల మీద కాల్చిన పంది చుట్టూ కూర్చోబెట్టి తినిపించి, వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరి చేతికీ ఒక్కో గడియారం పెట్టాడు. ఆ ఏడు బహుమతి వచ్చినవాడు సగం ఆటల్లో మైదానంలోకి దిగకుండా పక్క బల్ల మీద కూర్చునే గడిపాడు. జనం ఊరుకోలేదు. నాణేలు, టార్చిలైటు బ్యాటరీలు మైదానంలోకి విసిరారు. దాంతో నాలుగో ఏటి నించి ఓట్లు పోయి అంకెలు వచ్చాయి. వేసిన ప్రతి పాయింటుకీ ఒకటి. రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతిని పట్టుకుంటే, అంటే రీబౌండుకి, ఒకటి. తోటివాడు బుట్టలో వేసేలా బంతి అందిస్తే, అంటే అసిస్టుకి, ఒకటి. ఏడాదంతా కూడితే ఎవరిది ఎక్కువో బహుమతి వాళ్ళది. ఐదో ఏడు ఇంకో గొడవ అయింది. బహుమతి వచ్చిన వారానికే అతని కంపెనీ అతన్ని జట్టులోంచి తీసేసింది. జనం ఆ కంపెనీ సరుకు కొనడం మానేశారు. అప్పుడు ఇంకో నియమం పెట్టారు: బహుమతి వచ్చినవాణ్ణి రెండేళ్ళ దాకా ఏ జట్టూ తీసెయ్యకూడదు.

ఈ ఏడు బహుమతి సార్డీన్ చేపల డబ్బాల కంపెనీ జట్టులో ఆడే రోడెల్‌కి. ఇరవై నాలుగేళ్ళవాడు. ఏడాది మొత్తం పన్నెండు వందల ఎనభై ఆరు. రెండోవాడు లూనింగ్ సబ్బుల జట్టులో ఎనిమిదో నంబరు బినో. ముప్ఫై ఐదేళ్ళవాడు. పన్నెండు వందల డెబ్భై ఐదు. పదకొండే తేడా. అంకెలు వచ్చాక ఇంత తక్కువ తేడా ఎప్పుడూ లేదు. ఆ మాట రాసేముందు ఒకసారి సరిచూద్దామని డెల్ఫినా ఏడాది ఆటల కాగితాలన్నీ బయటికి తీసింది. జులైలో నాగా పట్నంలో ఆడిన ఆట దగ్గర ఆగిపోయింది.

ఆమె రాసిన కాగితంలో సబ్బుల జట్టు ఇరవై ఒకటో నంబరు ఎలిసియో పేరు ఎదురుగా తొమ్మిది రీబౌండ్లు, నాలుగు అసిస్టులు ఉన్నాయి. పాయింట్లు రాసే మనిషి కాగితం వేరే. మైదానంలోకి దిగినవాళ్ళ పేర్ల పక్కన అందులో చిన్న అడ్డగుర్తు పెడతారు. ఎలిసియో పేరు పక్కన అడ్డగుర్తు లేదు. అతను ఆ రోజు అసలు దిగనేలేదు. అంచున చిన్న అక్షరాలతో ఒక ముక్క ఉంది: "రక్తం. ఎనిమిది వాడికి ఇరవై ఒకటి చొక్కా."

డెల్ఫినా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివింది.

బల్ల దగ్గర ఇద్దరు పనిచేస్తారు. ఒకరు చూసి పిలుస్తారు, ఒకరు విని రాస్తారు. పిలిచేవాడు పెద్దాయన టిబో; గౌరవంగా అందరూ మాంగ్ టిబో అంటారు. పదేళ్ళుగా ఆయనే. "ఎనిమిది, రీబౌండ్. పద్నాలుగు, అసిస్ట్." రాసే మనిషి తలెత్తకూడదు. తలెత్తితే ఒక గడి తప్పిపోతుంది. మూడేళ్ళుగా డెల్ఫినా ఆ బల్ల దగ్గరే ఉంది గానీ ఒక్క బంతి బుట్టలో పడడం కళ్ళారా చూడలేదు. ఆమెకి ఆటగాళ్ళంటే నంబర్లు, బూట్ల కీచు, మాంగ్ టిబో గొంతు. నాగాలో మాంగ్ టిబో "ఇరవై ఒకటి" అని పిలిచాడు, ఆమె ఇరవై ఒకటో వరసలో రాసింది. పాయింట్లు రాసే అతను తలెత్తి చూశాడు కాబట్టి పాయింట్లు బినోకి సరిగ్గానే పడ్డాయి. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

పదమూడు. పదమూడు కలిపితే పన్నెండు వందల ఎనభై ఎనిమిది. బహుమతి బినోది.

సబ్బుల కంపెనీ నించి వచ్చిన ఉత్తరం బీరువాలోనే ఉంది. దాన్ని అందుకుని దస్త్రంలో పెట్టింది ఆమే. రేపు జట్టులోంచి తీసేసే ముగ్గురి పేర్లు అందులో ఉన్నాయి. మొదటి పేరు బినోది.

పదింటికి మాంగ్ టిబో తడిసిన గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. చేతిలో వేడి రొట్టెల సంచి.

"మాంగ్, నాగా ఆట గుర్తుందా? రేకుల షెడ్డులో ఆడారు."

"దోమలు గుర్తున్నాయి."

"బినో కనుబొమ చిట్లింది."

"ఆ మోచెయ్యి ఎవరిదో కూడా నాకు గుర్తుంది. రిఫరీకే గుర్తు లేదు, పాపం." నవ్వుతూ రొట్టె చీల్చాడు.

"పాయింట్లు రాసే అతన్ని ఇందాక ఫోన్లో అడిగా," అంది డెల్ఫినా. "రక్తమైన చొక్కాతో ఆడనివ్వరుగా. మార్చుకోమన్నారు. కంపెనీవాళ్ళు వేరే చొక్కాలు తేలేదు. చీలమండ బెణికి కూర్చున్న ఎలిసియో తన ఒంటి మీది చొక్కా తీసిచ్చాడు."

మాంగ్ టిబో చెయ్యి ఆగిపోయింది. రొట్టె సగం సంచిలోనే ఉంది.

"ఇరవై ఒకటి," అన్నాడు నెమ్మదిగా.

ఆమె రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి, కిందికి దించి, మళ్ళీ తోసి చూశాడు.

"చొక్కా మీద ఏముంటే నేనదే పిలుస్తా, అమ్మాయ్. పిలిచేవాడు ఆలోచించడం మొదలుపెడితే బల్ల మునిగిపోతుంది."

"మిమ్మల్ని అనట్లేదు. రాసింది నేను."

"నువ్వు చూడలేదు. నేను చూశాను." కుర్చీలో కూలబడ్డాడు. "ఒక్క మాట నీ చెవిన వేస్తే సరిపోయేది. నీకెవరో చెప్పే ఉంటారనుకున్నా. బల్ల దగ్గర ప్రతివాడూ అలాగే అనుకుని ఉంటాడు."

"ఇప్పుడు మార్చేద్దాం, మాంగ్."

ఆయన లేచి అడుగు సొరుగు లాగి, పసుపుపచ్చబడ్డ ఒక ఫారం తీశాడు. "రెండు జట్లూ సంతకాలు పెట్టేశాక కాగితం మార్చే హక్కు మనకి లేదు. ఓట్లు పోయి అంకెలొచ్చినప్పుడే పెట్టారు ఈ నియమం, మనం గడియారాలు పుచ్చుకుని అంకెలు దిద్దుతామేమోనని. ఏ జట్టు లెక్క తప్పిందో ఆ జట్టు మేనేజర్ దీని మీద సంతకం చెయ్యాలి. అప్పటినించి ఒక్కసారి కూడా వాడలేదు దీన్ని."

"బినో జట్టంటే టాంకో గారు."

"మూడింటిలోపు ఆయన సంతకం పట్టుకురా. కళ్ళు మూసుకుని మారుస్తా. సంతకం లేకపోతే..."  ఆయన లీగ్ పెద్ద కమిషనర్‌కి ఫోన్ చేశాడు. గీరు గీరుమంటున్న లైనులో అవతలి మాట డెల్ఫినాకి కూడా వినిపించింది. సంతకం. సంతకం లేకుండా తన దగ్గరికి రావద్దు.

ఫారాన్నీ, రెండు కాగితాల్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని ఆమె పరిగెత్తింది.

సబ్బుల కంపెనీ ఉన్న పాసిగ్ వెళ్ళే జీప్నీ, అంటే జనాన్ని ఎక్కించుకునే పొడుగాటి జీపు, సగం దారిలో నీళ్ళలో ఆగిపోయింది. డ్రైవరు ఇంజన్ కట్టేసి సిగరెట్ వెలిగించాడు. "దిగాలనుకునేవాళ్ళు దిగండి. ఈత వచ్చినవాళ్ళు ముందు," అన్నాడు. జనం నవ్వారు. డెల్ఫినా చెప్పులు చేతిలో పట్టుకుని దిగిపోయింది. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. కవరు తలమీద పెట్టుకుని నడిచింది. ఊళ్ళో బడికి వెళ్ళేటప్పుడు వాగు దాటినట్టే ఉంది గానీ అప్పుడు ఆలస్యమైతే టీచరు బెత్తంతో ఒకటి వేసేది, అంతే. ఇప్పుడు ఆలస్యమైతే ఒక మనిషి బతుకు పోతుంది. 

ఒంటిగంటకి సబ్బుల కంపెనీ మేనేజర్ గదిలో నిలబడి ఉంది. కింద చాప మీద నీళ్ళు మడుగు కట్టాయి. టాంకో తువ్వాలు తెప్పించాడు. కాఫీ తెప్పించాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. కాగితాలు రెండూ ఓపిగ్గా చదివాడు.

"చాలా మంచి పని చేశావమ్మా. నీలాంటివాళ్ళు మా కంపెనీలో ఉంటే ఎంత బావుండు."

"ఇక్కడ సంతకం చెయ్యాలి, సర్."

ఆయన కలం తీయలేదు. "బినోకి ఎన్నేళ్ళో తెలుసా?"

"ముప్ఫై ఐదు, సర్."

"మోకాలు? దాంట్లోంచి నీళ్ళు ఎన్నిసార్లు తీయించామో తెలుసా? కాలేజీల్లోంచి ముగ్గురు కుర్రాళ్ళని మాట్లాడేశాను. వాళ్ళ అమ్మానాన్నలతో కూడా మాట్లాడేశాను. ఇప్పుడు బినోకి ఈ బహుమతి వచ్చిందంటే రెండేళ్ళు అతన్ని కదల్చడానికి వీల్లేదు."

"అది వేరే సంగతి కదా, సర్. ఇది లెక్క."

"రెండూ ఒకటే సంగతమ్మా. నీకు బల్ల దగ్గర కూర్చుంటే వేరుగా కనిపిస్తాయి."

"ఆయన ఆడాడు, సర్. తల పగిలి కూడా ఆడాడు. మీ జట్టు కోసమే ఆడాడు."

"అవును. ఆ రోజు చొక్కాలు తీసుకెళ్ళకపోవడం మాదే తప్పు," అన్నాడు టాంకో. నిజంగానే బాధపడుతున్నట్టు అన్నాడు. అది చూసి ఆమెకి ఇంకా భయం వేసింది. తిట్టే మనిషినైతే బతిమాలొచ్చు.

అయినా బతిమాలింది. గుడిలో మేరీమాత ముందు కూర్చున్నట్టు ఆ తడి చాప మీద మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. "సర్, ఇది నా తప్పు. నా తప్పుకి ఆయన్ని తీసెయ్యకండి. కావలిస్తే నన్ను పనిలోంచి తీయించండి. ఒక్క సంతకం, సర్."

టాంకో కంగారుగా లేచి టైపిస్టుని పిలిచాడు. "లే అమ్మా, లే. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" ఫారాన్నీ కాగితాల్నీ తీసి, తడిసిన కవరు పారేయించి, కొత్త కవరులో పెట్టించి, ఆమె చేతికిచ్చాడు. ఫారంలో సంతకం చోటు ఖాళీగానే ఉంది.

తిరిగొచ్చే జీప్నీలో ఆమెకి ఏడుపు కూడా రాలేదు. కవరులోంచి ఫారం వెనకవైపు కనిపిస్తోంది. ఏవో నియమాలు. ఊరికే చదువుతూ పోయింది. ఆరో నియమం దగ్గర నిటారుగా కూర్చుంది. బహుమతి ప్రకటించే ముందు అంకెలు అందరి ఎదుటా చదవాలి. చదివాక మూడుసార్లు అభ్యంతరం ఉందా అని అడగాలి. జట్టు మేనేజర్ గానీ, ఆ అంకెలు ఎవరివో ఆ ఆటగాడు గానీ లేచి నిలబడితే ప్రకటన ఆపి, సంతకం లేకపోయినా లెక్క చూసి దిద్దాలి.

ఆ ఆటగాడు గానీ. ఆమె ఆ మాట మీద వేలు పెట్టుకుని కుబావో దాకా వచ్చింది.

మూడుంబావుకి కొలీజియం లోపలి నడవలో బినో దొరికాడు. తెల్లటి పల్చని బరోంగ్ చొక్కా ఇస్త్రీ మడతలు చెడకుండా వేసుకుని, బల్ల అంచున కూర్చుని, ఒక ప్యాంటు కాలు మోకాలి పైకి మడిచి, దాని మీద మంచు సంచి పెట్టుకున్నాడు. పెద్ద మనిషి. కూర్చున్నా ఆమె నిలబడ్డంత ఉన్నాడు. కనుబొమలో ఒకచోట వెంట్రుకలు మొలవని గీత.

"అన్నా, నేను డెల్ఫినాని. బల్ల దగ్గర..."

"పెన్సిలమ్మాయివి కదూ? మూడేళ్ళ నించి నీ పాపిట తప్ప మొహం చూడలేదు మేమెవరం. మొహం ఉందన్నమాట!" గట్టిగా నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "ఏమైంది? అలా తడిసిపోయావేం?"

ఆమె చెప్పింది. మొదటి నించి చివరి దాకా, ఒక్క గడి వదలకుండా. చెబుతున్నంతసేపూ అతను మంచు సంచి మోకాలికి అదిమి పట్టుకునే ఉన్నాడు. మంచు కరిగి బూటులోకి కారుతోంది.

"ఖాయమేనా?" అన్నాడు. "ఖాయం కాకపోతే చెప్పకు, చెల్లీ. నా మీద ఒట్టేసి చెప్పు."

"మూడుసార్లు కూడి చూశాను."

"ఎన్ని ఎక్కువ?"

"రెండు."

అతను కళ్ళు మూసుకున్నాడు. "రేపు తీసేసేవాళ్ళలో నా పేరు వస్తుందని తెలుసు. టాంకో నా మొహం చూడడం మానేసి నెలైంది. మా ఆవిడ లూర్దెస్‌కి చెప్పలేదు. పొద్దున ఈ చొక్కా ఇస్త్రీ చేస్తూ పాట పాడుతోంది." మళ్ళీ కళ్ళు తెరిచాడు. "నాకీ ఆట తప్ప ఏం రాదమ్మాయ్. పదిహేనో ఏట బడి మానేశాను. ఇంకో జట్టు ఈ మోకాలిని తీసుకోదు. రెండేళ్ళు దొరికితే... రెండేళ్ళలో ఏదో ఒకటి నేర్చుకునేవాణ్ణి. కుర్రాళ్ళకి ఆట చెప్పేవాణ్ణి."

"అయితే లేవండన్నా. మాంగ్ టిబో మూడుసార్లు అడుగుతారు. లేచి నిలబడితే చాలు. మాట్లాడక్కర్లేదు. మిగతాది నేను చూపిస్తా."

"ఎవరి మీద లేవమంటావు? రోడెల్ మీదా? వాడి పెళ్ళికి పెద్దరికం చేసింది నేను. వాడికి నేను జ్ఞానతండ్రిని, నినోంగ్ అని పిలుస్తాడు. నాకు రావాలి, వాడి చేతిలోంచి లాక్కోండి అని పన్నెండు వేలమంది ముందు నిలబడమంటావా?"

"ఆయన మీద కాదు. నా కాగితం మీద."

"ఆ ముక్క పైన కూర్చున్న పన్నెండు వేలమందికీ నువ్వు చెప్పుకో."

"అన్నా, సిగ్గు ఇవాళ్టికే. రేపటి నించి అన్నం."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.  అతను ప్యాంటు కాలు కిందికి దించాడు. 

"మూడోసారి," అన్నాడు. "మొదటిసారీ రెండోసారీ లేవలేను. మూడోసారి అడిగినప్పుడు లేస్తా."

నాలుగింటికి దీపాలన్నీ వెలిగాయి. ఆటగాళ్ళు జట్లవారీగా వరసల్లో కూర్చున్నారు. డెల్ఫినా బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుని కాగితాలు గుండెకి అదిమి పెట్టుకుంది. మాంగ్ టిబో మైకు ముందుకి వెళ్ళేటప్పుడు ఆమెవైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. సంతకం లేదు. ఆయన భుజాలు కిందికి జారాయి.

బహుమతి మొదలైన నాటి నించి గెలిచినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివారు. ఒక్కో పేరుకీ జనం చప్పట్లు కొట్టారు. గడియారాల ఏడు వచ్చినప్పుడు పైనించి ఎవడో "టిక్, టిక్" అని అరిచాడు, కొలీజియం అంతా ఘొల్లుమంది. తర్వాత మాంగ్ టిబో ఈ ఏటి అంకెలు చదివాడు. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు. రోడెల్, పన్నెండు వందల ఎనభై ఆరు. బినో, పన్నెండు వందల డెబ్భై ఐదు. ఆ రెండో అంకె దగ్గర ఆయన గొంతు ముళ్ళ మీద నడిచినట్టు నడిచింది.

"అభ్యంతరం ఉన్నవాళ్ళున్నారా?"

ఎవరూ కదల్లేదు. టాంకో తన చేతి గోళ్ళు చూసుకుంటున్నాడు.

"అభ్యంతరం ఉన్నవాళ్ళున్నారా?" రెండోసారి.

డెల్ఫినా బినోనే చూస్తోంది. అతని రెండు చేతులూ కుర్చీ పిడుల మీదికి వచ్చాయి. భుజాలు ముందుకి వంగాయి. మోకాలు నొప్పి ఉన్నవాడు లేవడానికి ముందు అలాగే వంగుతాడు. 

సరిగ్గా అప్పుడే సార్డీన్ల జట్టు వరసలోంచి రోడెల్ లేచాడు. ఏం తోచిందో, రెండు వరసలు దాటుకుని వచ్చి బినో ముందు ఒంగి, కుర్చీ పిడి మీదున్న అతని కుడిచెయ్యి అందుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు. పెద్దవాళ్ళ దీవెన అడిగేటప్పుడు చేసే పని అది. "దీవించు, నినోంగ్," అన్నాడు. ముందు వరసల్లో ఉన్నవాళ్ళందరికీ వినిపించింది. జనం ఆహా అని లేచి చప్పట్లు కొట్టారు. పైన ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

బినో చెయ్యి ఆ కుర్రాడి నుదుటి మీదే ఉండిపోయింది. ఆ చేతితో ఇక కుర్చీ పిడి పట్టుకుని లేవలేడని డెల్ఫినాకి అర్థమైంది.

మాంగ్ టిబో మూడోసారి అడగడానికి చాలాసేపు తీసుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. కమిషనర్ దగ్గాడు.

"అభ్యంతరం... ఉన్నవాళ్ళున్నారా?"

రోడెల్ తన వరసలోకి తిరిగి వెళ్ళిపోయాడు. బినో నేల చూస్తున్నాడు.

"ఉంది!"

ఆ గొంతు తనదేనని డెల్ఫినాకి ముందు తెలియలేదు. నిలబడి ఉంది. మైకు లేకపోయినా ఆ నిశ్శబ్దంలో మాట చివరి దాకా వెళ్ళింది. "నాగా ఆటలో బినోవి తొమ్మిది రీబౌండ్లు, నాలుగు అసిస్టులు నేను ఎలిసియో వరసలో రాశాను. చొక్కా మార్చారు. కాగితాలు ఇవిగో. పదమూడు తప్పు. ఆ పదమూడూ నేను రాసిన తప్పు!"

పైనించి ఈలలు. "కూర్చో, పిల్లా!" అని ఒకడు. "చెప్పనీరా, చెప్పనీ!" అని ఇంకొకడు. రోడెల్ బిత్తరపోయి ఆమెవైపూ బినోవైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. కమిషనర్ మాంగ్ టిబో చెవిలో ఏదో అన్నాడు. మాంగ్ టిబో మైకు దగ్గరికి వంగాడు. మాట్లాడినప్పుడు అది ఆటల్లో నంబర్లు పిలిచే గొంతు కాదు.

"బల్ల దగ్గర పనిచేసేవాళ్ళకి అభ్యంతరం చెప్పే హక్కు లేదు. మేనేజర్ గానీ, ఆటగాడు గానీ లేవాలి." ఆగాడు. బినోవైపే తిరిగి ఆగాడు. "ఆటగాడు గానీ."

బినో తల ఎత్తలేదు.

బహుమతి రోడెల్‌కి ఇచ్చారు. వాడు దాన్ని తల దించుకుని, ఎవరో పిల్లవాడి వస్తువు పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. జట్లన్నిటిలోకీ ముందు లేచి చప్పట్లు కొట్టింది బినో.

డెల్ఫినాని ఆ ఆటకి బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. ఇంకొకరు పెన్సిలు పట్టుకున్నారు. ఆమె సంచి తీసుకుని వెనక ద్వారం గుండా బయటికొచ్చి, జీప్నీలు ఆగే రేకుల పంచ కింద నిలబడింది. వాన తగ్గలేదు. కాసేపటికి బినో వచ్చాడు. బరోంగ్ ఒంటికి అంటుకుపోయింది.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?" మీది మీదికి వచ్చాడు. "నేను చెప్పమన్నానా? వాడి పండగ పాడైపోయింది. నా పరువు పోయింది. రేపు పేపర్లో ఏం రాస్తారో తెలుసా? ముసలాడు ఓ పిల్లని ముందుకి తోశాడని రాస్తారు. టాంకో అప్పుడే అంటున్నాడు, పాపం ఆ అమ్మాయికి నిద్ర లేదని."

ఆమె కాగితాలు తడవకుండా సంచిలోకి ఇంకా లోపలికి తోసింది. 

అతను అరవడం ఆపి పంచ స్తంభానికి ఆనుకున్నాడు. వానలోకి చూస్తూ అన్నాడు: "నాగాలో తొమ్మిది కాదు. పది."

"మాంగ్ టిబో తొమ్మిదే పిలిచారన్నా."

"ఆయనకి కనపడి ఉండదు. కిందపడి పట్టుకున్నా దాన్ని. నా మీద నలుగురున్నారు. కంట్లోకి రక్తం కారుతోంది, నాకే కనపడలేదు. చేతికి తగిలింది, వదల్లేదు." కుడిచెయ్యి తెరిచి చూసుకున్నాడు. "పది."

"పది," అంది డెల్ఫినా.

"నువ్వు మా ఇంటికి రా. లూర్దెస్‌కి నువ్వే చెప్పు. నేను చెబితే ఓడిపోయినవాడి కబుర్లనుకుంటుంది. ఆ కాగితం చూపించు. రేపు నా పేరు కూడా... అది నేను చెబుతాలే. నువ్వు పక్కన కూర్చో, చాలు."

"వస్తాను."

బినో ఇంటివైపు, మరికినా వెళ్ళే జీప్నీ వచ్చింది. ఇద్దరూ వంగి ఎక్కారు. లోపల కూరగాయల బుట్టలతో ఆడవాళ్ళు, బడి పిల్లలు, నిద్రపోతున్న ఒక పోలీసు. బినో మోకాళ్ళు ఎదుటివాళ్ళకి తగులుతున్నాయి. డ్రైవరు అద్దంలో చూసి ఒక్కసారిగా వెనక్కి తిరిగాడు.

"ఓరి నాయనో, బినో! నువ్వేనా! మా రేడియో తడిసి చచ్చింది, ఏం వినలేదు. వచ్చిందా? నీకే వచ్చిందా?"

జీప్నీలో అందరి తలలూ అతనివైపు తిరిగాయి. పోలీసు కూడా లేచాడు. డెల్ఫినా నోరు తెరిచింది. బినో ఆమెవైపు చూడకుండానే మణికట్టు మీద చెయ్యి వేసి, మెల్లగా నొక్కాడు.

"లేదన్నా," అన్నాడు. "రోడెల్‌కి. నాకు పదకొండు తక్కువైంది."

"అయ్యో! పదకొండేనా?" డ్రైవరు స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు. "పోనీలే. వచ్చే ఏడు ఎక్కడికి పోతుంది? వచ్చే ఏడు నీదే."

"ఆఁ," అన్నాడు బినో. "వచ్చే ఏడు."

జీప్నీ నీళ్ళలోకి దిగింది.